బెడ్ నంబర్ ఆరులో ఒక మిరపకాయ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై మూడేళ్ళ వయసు, చేతిలో నర్సింగ్ డిగ్రీ, ఢిల్లీలో మొదటి ఉద్యోగం. ఈ మూడూ ఒకేసారి దొరికిన మనిషికి ఇంకొకళ్ళ సలహాతో పనేముంది? ఎవరైనా ఏదైనా చెప్పబోతే సగం మాటలోనే "తెలుసండీ" అనేసేదాన్ని. ఇప్పుడు నా కింద పనిచేసే కొత్త అమ్మాయిలు అచ్చం అదే గొంతుతో "పతా హై, మేడమ్" అంటుంటే నాకు కోపం రావాలి. రాదు. ఒక మిరపకాయ గుర్తొస్తుంది. మిరపకాయలు కాదు, ఒక్కటంటే ఒక్క మిరపకాయ. దాని సంగతి మా వార్డులో ఎవరికీ చెప్పలేదు, చెబితే నా మాట వినడం మానేస్తారు. మీరు నా కింద పనిచెయ్యరు కాబట్టి చెబుతున్నాను.

మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. నాన్న కౌలుకి తీసుకున్న రెండెకరాల్లో మిరప వేసేవాడు. కాయ కోతలు మొదలైతే బడి మాన్పించి మరీ అమ్మ నన్ను చేలోకి తీసుకెళ్ళేది. మిరపకాయలు కోసిన చేత్తో పొరపాటున కళ్ళు నులుముకున్నవాళ్ళకి నరకం గురించి ఏ పాస్టరుగారూ విడిగా ప్రసంగం చెయ్యక్కర్లేదు. నర్సింగ్ ఎందుకు చదవాలనుకుంటున్నావని కాలేజీ ఇంటర్వ్యూలో అడిగితే రోగుల మీద జాలి అని చెప్పాను. అది శుద్ధ అబద్ధం. చేతులకి గ్లౌజులిచ్చే ఉద్యోగం ఏదైనా సరే చేద్దామనుకున్నాను, అంతే. ఇక జన్మలో మిరపచెట్టు మొహం చూడనని మా గట్టు మీద నిలబడి ఒట్టు పెట్టుకుని ఢిల్లీ రైలెక్కాను. (ఆ ఒట్టుకి సాక్షి మా గేదె ఒక్కటే కాబట్టి, తప్పినందుకు ఇంతవరకూ ఎవరూ నిలదీయలేదు.)

ఢిల్లీలో నేనున్నది బేర్ సరాయ్‌లో. ఒక మేడ మీద ఒంటిగది, గది ముందు డాబా. కిందంతా సివిల్స్ చదివే కుర్రాళ్ళు, జిరాక్స్ షాపులు, పసుపు నీళ్ళ లాంటి పప్పు పోసే మెస్సులు. నాతోపాటు గదిలో ఉండేది ఖమ్మం అక్క. ఆవిడా మా ఆస్పత్రిలోనే నర్సు, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. మాట కటువు, మనసు వెన్న. ఇద్దరం డయాలసిస్ వార్డే గానీ డ్యూటీలు ఎదురెదురు, అందుకని మేము కలుసుకునేది ఎక్కువగా గది గుమ్మంలోనే. ఇంటి ఓనరు ఒక హర్యానా పెద్దావిడ, వీధంతా ఆవిడని చాచీజీ అనేది. చాచీజీ డాబా మీద మంచం వేసుకుని కూర్చుంటే ఎండ కూడా ఆవిడని అడిగి కదిలేదనిపించేది.

ఆదివారం మాత్రం మాకొక గుంటూరు దొరికేది. ఆర్.కె. పురం దగ్గర ఒక స్కూలు హాల్లో మా తెలుగు క్రైస్తవ సంఘం ఆరాధన జరిగేది. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల వాళ్ళు, సగం మంది ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్ళు, మిగతా సగం గవర్నమెంటు క్వార్టర్ల వాళ్ళు. ఏటా కోత పండుగ ఘనంగా చేసేవాళ్ళం. తొలి పంట తెచ్చి దేవుడి ముందు పెట్టి, అందరి పేర్లూ పైకి చదివి, ఆ తర్వాత దానితోనే వండుకుని అందరం కలిసి తినే ప్రేమ విందు. పండుగ జనవరి ఆఖరి ఆదివారం. ఎందుకంటే మా ఊళ్ళల్లో అప్పటికి ధాన్యం ఇంటికొస్తుంది, మిరప పండుతుంది. ఢిల్లీలో ఆ రోజుకి పండేది జలుబొక్కటే. అయినా ఆ తేదీ మార్చాలని ఎవరికీ తోచలేదు. పొలాల్లేని ఊళ్ళో తొలి పంట ఎక్కడిదంటారా? శనివారం సాయంత్రం కూరగాయల మండీ నుంచి వచ్చేది. ఒక ఏడు అయ్యగారు (మా పాస్టరుగారిని మేమలాగే అంటాం) వేదిక మీదే అనేశారు: "పోయినేడు ఒక కాలీఫ్లవర్‌కి కొట్టువాడి రబ్బరు బ్యాండు అలాగే ఉందమ్మా. ప్రభువు ముందు రబ్బరు బ్యాండు తీసి, తర్వాత ఆశీర్వదించాల్సొచ్చింది."

అందరూ నవ్వారు. మా సంఘం ట్రెజరర్ ఆంటీ నవ్వలేదు, ఆ కాలీఫ్లవర్ ఆవిడది. ఆర్.కె. పురం క్వార్టర్లలో ఆవిడ చేతి పచ్చడి తినని తెలుగువాడు లేడు, ఆవిడ చేత చీవాట్లు తినని తెలుగువాడూ లేడు. ఆ ఏడు ఆగస్టులో స్త్రీల సమాజం మీటింగులో ఆవిడ ఆ మంట నామీద తీర్చుకుంది. "మీ గుంటూరోళ్ళకి నోరే గానీ ఏముందమ్మా? ఒక్కళ్ళన్నా సొంతంగా పండిచ్చి తెచ్చారా ఎప్పుడన్నా?" అంది. నేనూరుకుంటే పోయేది. "నేను తెస్తానండి ఆంటీ. మా డాబా మీద గుంటూరు మిరపకాయలు పండిస్తా. ఒక బుట్టెడు. పండుకాయలు!" అన్నాను. ఆంటీ కళ్ళు చిన్నవి చేసి, "పండుకాయలా? నువ్వు తెస్తే ప్రేమ విందుకి పండుమిర్చి పచ్చడి నేనక్కడే రోట్లో నూరతా. ఇంకో పచ్చడి చేయించను. తేకపోతే సంఘమంతా పచ్చడి లేకుండా తింటది, నీ పేరు చెప్పుకోని," అంది. మీటింగు ముగిసేలోపు ఆ మాట అయ్యగారి చెవిన పడింది. ఆ తర్వాతి ఆదివారం నుంచి నా మిరపతోట ప్రార్థన జాబితాలోకి ఎక్కింది, సివిల్స్ రాసే పిల్లల తర్వాత, కిడ్నీ ఆపరేషన్ అంకుల్‌కి ముందు.

ఇంటికెళ్ళి నాన్నకి ఫోన్ చేశాను. జన్మలో మిరపచెట్టు మొహం చూడనన్న కూతురు విత్తనాలు పంపమంటే ఏ తండ్రయినా ఆనందించాలి. నాన్న మాత్రం కేసు షీటు తీసే డ్యూటీ డాక్టర్లా మొదలుపెట్టాడు. "ముందు రకం సంగతి కాదు తల్లీ, ముందు ఊరి సంగతి చెప్పు. ఎండ ఎట్టుంటది?" "మనకంటే ఎక్కువే నాన్నా. జూన్‌లో నలభై అయిదు." "వాన?" "పడతది." "చలి ఎప్పుడు మొదలవుద్ది?" అక్కడ నేను కొంచెం నసిగాను. "డిసెంబర్లో కాస్త చల్లగా ఉంటది నాన్నా. స్వెట్టరేసుకుంటే సరిపోద్ది." "నువ్వేసుకుంటావు. మొక్కకెవరేస్తారు? అక్కడోళ్ళు ఏ రకం ఏస్తన్నారో, ఏ నెల్లో ఏస్తన్నారో కనుక్కోమ్మా. మన ఊళ్ళో పండే కాయ మన ఊరి చలికి పుట్టింది, ఆ ఊరి చలికి కాదు." ఎంత చక్కగా చెప్పాడో చూశారా? నేను "తెలుసులే నాన్నా" అన్నాను.

నాకు తెలిసిందేమిటంటే గుంటూరు సన్నాలు. పేరులోనే మా జిల్లా ఉంది, ఇక ఆలోచించేదేముంది? ఖమ్మం అక్క ఒప్పుకోలేదు. "సన్నాలేందిరా, సన్నాలు! ఏస్తే తేజా ఎయ్యాలె. మా ఖమ్మం యార్డుకొచ్చి చూడు, తేజా ఘాటుకి హమాలీలు మూతికి గుడ్డ కట్టుకొని తుమ్ముతుంటరు," అంది. దాని మీద మాకు వారం రోజులు యుద్ధం. రంగు ఎవరిది మంచిది, ఘాటు ఎవరిది ఎక్కువ, తొక్క ఎవరిది మందం, ఇవన్నీ వాదించుకున్నాం. ఈ రెండింట్లో ఢిల్లీకి ఏది ఆగుతుందన్న ఒక్క ప్రశ్న ఇద్దరిలో ఏ ఒక్కరికీ రాలేదు. పెళ్ళిచూపుల్లో పిల్లాడి తరఫు, పిల్ల తరఫు వాళ్ళు తమ వంశాల గొప్ప చెప్పుకుని, ఆ పిల్లలిద్దరూ ఒకరికొకరు నచ్చారో లేదో అడగడం మర్చిపోయినట్టు. ఆఖరికి చెరిసగం అని రాజీపడ్డాం. మా ఊరి నుంచి వస్తున్న ఒక నర్సమ్మాయి చేత, కడిగి ఆరబెట్టిన మాత్రల కవర్లలో నాన్న రెండు రకాలూ పంపాడు. కవర్ల మీద బాల్‌పెన్నుతో "సన్నం", "తేజ" అని రాసి, సన్నం కింద "జాగర్త" అని కూడా రాశాడు.

నారు పోస్తుంటే చాచీజీ మంచం మీది నుంచి చూసి, "అభీ మత్ లగా బేటా, పాలా పడేగా, సబ్ మర్ జాయేగా. ఫర్వరీ మే లగా," అంది. ఇప్పుడు వేస్తే మంచుకి చస్తాయి, ఫిబ్రవరిలో వేసుకో అని. అంతటితో ఊరుకోక, డాబాకి ఆ చివర తన వంటగది గోడ వారగా విరిగిపోయిన రంగు డబ్బాలో ఉన్న తన మిరపచెట్టు చూపించి, కావాలంటే దీని గింజలు తీసుకో, దేసీ మిర్చి అంది. నేను ఆ చెట్టు వైపు చూసిన చూపు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. బొటనవేలి కణుపంత కాయలు. మా ఊరి కాయలు బుద్ధిగా తల దించుకుని వేలాడతాయి, ఇవేమో పైకి నిక్కి దేవుడికే వేలు చూపిస్తున్నాయి. ఇలాంటివి కోత పండుగలో పెడితే అయ్యగారు ఏమనుకుంటారు? "ఠీక్ హై చాచీజీ, ముఝే మాలూమ్ హై," అన్నాను. తెలుగులో చెప్పినా హిందీలో చెప్పినా అదే మాట.

ఆ తర్వాత మేము చేసిన వ్యవసాయం ఇద్దరు నర్సులు తప్ప ఇంకెవరూ చెయ్యలేరు. మా వార్డులో రోజూ ఖాళీ అయ్యే పది లీటర్ల తెల్ల క్యాన్లు ఎనిమిది అడిగి తెచ్చుకుని, మూడేసిసార్లు కడిగి, పైభాగం కోసి, అక్టోబరు మొదట్లో ఒక్కోదాంట్లో ఒక్కో మొక్క నాటాం. క్యాన్లకి ప్లాస్టర్ అంటించి బెడ్ నంబర్లు వేశాం. ఒకటి నుంచి నాలుగు దాకా నా సన్నాలు, అయిదు నుంచి ఎనిమిది దాకా అక్క తేజాలు. అడ్మిషన్ తేదీ, ఇచ్చిన నీళ్ళు, ఆకుల రంగు రాయడానికి మేకుకి ఒక చార్టు. డేటు దాటిపోయి పారేసే సెలైన్ గొట్టాలతో చుక్కచుక్కగా నీళ్ళు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి అక్క బ్యాగు తగిలించుకుని గుమ్మంలో నిలబడి అప్పగింత ఇచ్చేది. "బెడ్ టూ రెండొందల ఎమ్మెల్ తాగింది. బెడ్ త్రీ ఆకులు పైకి ముడుస్తున్నయ్, వేపనూనె కొట్టిన. బెడ్ సెవెన్ బాగుంది, దాన్ని కెలక్కు." ఒకరోజు నిజం వార్డులో నిజం అప్పగింత ఇస్తూ, మా మలయాళీ ఇన్‌ఛార్జి సిస్టర్‌తో బెడ్ సిక్స్ పూతకొచ్చిందని ఇంగ్లీషులో చెప్పేశాను. బెడ్ సిక్స్‌లో ఉన్నది రిటైరయిన జడ్జిగారు. ఆవిడ నన్ను పక్కకి పిలిచి, రాత్రి సరిగ్గా నిద్రపోతున్నావా అని అడిగింది.

నవంబరు దాకా మా తోట వైభవం చూసి తీరాలి. మోకాలెత్తు మొక్కలు, ముదురాకుపచ్చ ఆకులు, తెల్లటి పూత. ఫోటోలు తీసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెడితే "స్తోత్రం" అని యాభై మంది. ట్రెజరర్ ఆంటీ ఊరి నుంచి రోలు తెప్పించింది. నిజంగా, రాతి రోలు, ఎవరి కారు డిక్కీలోనో. ఆ తర్వాత ఏటా వచ్చే ఢిల్లీ పొగ కమ్మింది. ఆకుల మీద మసి పేరుకుంటే దూది తడిపి ఆకు ఆకూ తుడిచాం. వీడియో కాల్లో చూసి నాన్న, "ఇదేం ఊరమ్మా, మిట్టమధ్యాహ్నం దీపాలు పెట్టుకున్నారు? మనుషులు పీల్చేదీ ఇదేనా?" అన్నాడు. పొగ పోయింది, చలి వచ్చింది. డిసెంబరు రెండో వారంలో ఒకరోజు డాబా మీదకి వెళ్తే బెడ్ వన్ కింద తెల్లగా ఏదో పరిచినట్టుంది. మంచనుకున్నాను. వంగి చూస్తే పూత, మొత్తం రాలిపోయింది.

అక్కడి నుంచి మా డాబా ఐసీయూ అయిపోయింది. బెడ్ వన్ ఆ వారమే పోయింది. త్రీ, ఫోర్ క్రిస్మస్‌కి ముందు ఒకేరోజు పోయాయి. మిగిలినవాటిని గదిలోకి తెచ్చి, మా రెండు మంచాల మధ్య హీటరు చుట్టూ పెట్టాం. హీటరు వాటివైపు, మేము దుప్పట్లవైపు. మొక్కకి స్వెట్టరెవరేస్తారని నాన్న అడిగాడు కదా, నేనే వేశాను. అక్క మంకీ టోపీ బెడ్ ఫైవ్‌కి, నా పాత స్వెట్టరు చెయ్యి కోసి బెడ్ టూకి. చాచీజీ ఏదో పని మీద తలుపు తీసి, మొక్కలకి టోపీలు, మాకు దగ్గు చూసి, "తుమ్ దోనోం మే సే మరీజ్ కౌన్ హై?" అంది. మీ ఇద్దర్లో పేషెంటెవరు అని. ఆవిడ చెట్టు మాత్రం బయటే, వెచ్చటి వంటగది గోడకి ఆనుకుని, మీద ఒక గోనెసంచీ కప్పుకుని, హాయిగా దేవుడికి వేళ్ళు చూపిస్తూ ఉంది.

జనవరి మూడో వారానికి ఏడు బెడ్లు ఖాళీ. బతికి ఉన్నది బెడ్ సిక్స్. దానికి ఒకే ఒక కాయ. మిగిలిన పిందెలన్నీ రాలిపోయినా అదొక్కటే కొమ్మ పట్టుకుని వేలాడి, రోజుకింత రోజుకింత ఎర్రబడింది. బెడ్ సిక్స్ ఎవరి భాగమన్నది నేనా వారంలో గుర్తు చేసుకోదలచుకోలేదు. శనివారం నాటికి కాయ పూర్తిగా పండింది. అందమైన కాయ, నిగనిగలాడుతూ, నా చిటికెనవేలంత. దాన్ని అరచేతిలో పెట్టుకుని మంచం మీద కూర్చుని ఏడ్చాను. రేపు బుట్ట పట్టుకుని నడవాలి, ఆంటీ రోలు ఎదురుచూస్తోంది, సంఘమంతా ఆరు నెలలు ప్రార్థన చేసింది. నా మొహం కంటే, మా ఊరి మొహం పోతుందనిపించింది. "ఊకె ఏడుస్తవేందిరా?" అంది అక్క. "కింద ఠేలా బండి మీద కిలో కొందం. బుట్ట నింపి, పైన ఈ పండుకాయ పెడదం. ఎవ్వరు జూస్తరు?"

కొన్నాం. ఆదివారం పొద్దున్నే బుట్టతో మెట్లు దిగుతుంటే చాచీజీ ఎదురొచ్చింది. బుట్టలో ఒక కాయ తీసి, విరిచి, వాసన చూసి, "యే తో ఠేలే వాలీ హై," అంది, ఇవి బండి మీద కొన్నవి అని. కోపంగా అనలేదు, ఎగతాళిగానూ అనలేదు. నా మొహం చూసి తిరిగి పైకెళ్ళింది. వచ్చేసరికి శాలువా కొంగులో రెండు గుప్పెళ్ళ చిన్న కాయలు, తన చెట్టు మొత్తం దులిపేసినట్టుంది. అవి నా బుట్టలో పోసి, "యే ఘర్ కీ హై. మేరీ తరఫ్ సే భీ చఢా దేనా," అంది. ఇవి ఇంట్లో పండినవి, నా తరఫున కూడా పెట్టు అని. ఆటో ఎక్కాక నేను బుట్ట వైపు చూడలేకపోయాను. అక్క మాత్రం చూసింది. "ముసల్ది మంచిదే," అంది.

హాల్లో వరసగా గుమ్మడికాయలు, బియ్యం సంచులు, కాలీఫ్లవర్లు (ఈసారి రబ్బరు బ్యాండ్లు తీసేశారు). సంఘపెద్ద ఒక్కో పేరూ చదువుతున్నాడు. నా వంతు వచ్చేసరికి ఆయన గొంతు పెరిగింది. "గుంటూరు మిరపకాయలు! మన సిస్టరమ్మ సొంత పంట, ఢిల్లీ గడ్డ మీద!" చప్పట్లే చప్పట్లు. అయ్యగారు రెండు చేతులతో బుట్ట పైకెత్తి, కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఈ బిడ్డ చేతి కష్టాన్ని..." అని మొదలుపెట్టారు. నిజం చెబుతున్నాను, నాకు దేవుడి భయం వెయ్యలేదు. చాచీజీ గుర్తొచ్చింది. దేవుడికి అబద్ధం చెప్పి ఎలాగో సర్దుకోవచ్చు, సాయంత్రం ఆ మెట్లెక్కాలి కదా.

"అయ్యగారూ, ఒక్క నిమిషం ఆగండి," అన్నాను. ప్రార్థన మధ్యలో అయ్యగారిని ఆపినవాళ్ళు మా సంఘంలో అంతకుముందు లేరు. ఆయన ఒక కన్ను తెరిచారు. "అడుగునున్నవి ఠేలా మీద కొన్నవండి. వాటి పైన చిన్నవి మా ఇంటి ఓనరువి. అన్నిటికంటే పైన ఆ ఒక్క పండుకాయే మేము వేసిన చెట్టుకి కాసింది." అక్కడ ఆపేసి ఉండొచ్చు. కానీ రెండో వరసలో కూర్చున్న ఖమ్మం అక్క గొంతు సవరించుకుంది. "అది కూడా నాది కాదండి. అది తేజా. ఖమ్మం అక్కది. నా గుంటూరు సన్నాలు ఒక్క కాయన్నా కాయకుండా చచ్చిపోయినయి."

 బుట్ట ఇంకా గాల్లోనే ఉంది. అప్పుడు ట్రెజరర్ ఆంటీ లేచింది. నేను చెవులు మూసుకోవడానికి సిద్ధపడ్డాను. "కూర్చోమ్మా, కూర్చో," అంది ఆంటీ. "ఆ గుమ్మడికాయ నేనేమన్నా పండిచ్చానా? నువ్వు ఒక కాయన్నా తెచ్చావు. అయ్యగారూ, చేతులు నొప్పెడతాయి, కానివ్వండి." వెనక ఎవరో కిసుక్కున నవ్వారు, ఆ తర్వాత ఆపడం ఎవరివల్లా కాలేదు. బియ్యం తెచ్చినాయన లేచి, తన బియ్యం రేషన్ షాపువని ఒప్పుకున్నాడు. అయ్యగారు మళ్ళీ కళ్ళు మూసుకుని, ప్రభువుకి అన్ని పంటల కోసం, ఠేలా పంటతో సహా, బేర్ సరాయ్ పెద్దావిడతో సహా, కృతజ్ఞతలు చెప్పారు. అంత చిన్న ప్రార్థన ఆయన జీవితంలో చేసి ఉండరు.

ఆంటీ మాట నిలబెట్టుకుంది. మూడు రకాలూ కలిపి, చింతపండేసి, రోట్లో తనే నూరింది. ఆ రోజు ప్రేమ విందులో ఏడవని మనిషి లేడు. గవర్నమెంటులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన ఒక అంకుల్, కళ్ళూ ముక్కూ తుడుచుకుంటూ, "ఇదీ, ఇదీ గుంటూరు ఘాటంటే! ఎన్నాళ్ళకి తగిలిందమ్మా!" అని రెండోసారి వేయించుకున్నాడు. అది చాచీజీ కాయల ఘాటని నాకూ అక్కకీ తెలుసు. సాయంత్రం చిన్న గిన్నెలో పచ్చడి తీసుకెళ్ళి చాచీజీకి ఇస్తే, రొట్టెతో ఒక ముద్ద తిని, నీళ్ళు తాగి, "తుమ్హారీ మిర్చ్ మే దమ్ హై," నీ మిరపకాయల్లో సత్తా ఉంది అని నన్ను మెచ్చుకుంది.

ఆ సాయంత్రమే నాన్నకి ఫోన్ చేసి అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను, పకపకా నవ్వాడు. నవ్వి నవ్వి, "అయితే ఆ ఒక్క కాయ ఏం చేశావమ్మా? గింజలు తీసి పెట్టావా?" అన్నాడు. "గింజలేంది నాన్నా? పచ్చట్లో నూరేశారు," అన్నాను.  "పచ్చడి చేశారా," అన్నాడు మెల్లగా. "ఏడు చెట్లు చచ్చినా ఆ చలికి తట్టుకోని పండిన కాయ తల్లీ అది. ఎనిమిదిట్లో ఒకటి. దాని గింజలు మళ్ళీ ఏసి, అందులో బతికిందాని గింజలు మళ్ళీ ఏసి... అట్టాగే గదమ్మా ఒక ఊరికి ఒక రకం పుట్టేది. మీ ఊరి మిరపకాయ నీ చేతిలోకే వస్తే, నూరుకోని తిన్నారా?" ఈసారి నాకు "తెలుసు" అనడానికి నోరు రాలేదు. నాన్నే, "పోనీలే. నువ్వు నర్సువైపోయావు, మంచిపని చేశావమ్మా," అన్నాడు.

ఇప్పుడు నేను నోయిడాలో ఉంటున్నాను, పదకొండో అంతస్తు. ఫిబ్రవరి రాగానే ఇక్కడివాళ్ళంతా వేసే జ్వాల రకం నారు తెచ్చి బాల్కనీలో పెడతాను. పొడుగ్గా, ముడతలు పడి, వంకరగా కాస్తుంది. అందం లేదు గానీ కాపుకి లోటు లేదు, మే నెల వచ్చిందంటే ఇక కొనే పనే ఉండదు. చాచీజీ చెప్పిన మాట నా బుర్రకెక్కిందనడానికి అంతకంటే రుజువేం కావాలి? అయినా ఆగస్టు వచ్చేసరికి నా చెయ్యి ఊరుకోదు. వార్డు నుంచి రెండు తెల్ల క్యాన్లు అడిగి తెచ్చుకుంటాను, నాన్న పంపిన కవరు విప్పుతాను. మా అమ్మాయి చూసి, "మమ్మీ, ఫిర్ సే?" అంటుంది, మళ్ళీనా అని. డిసెంబరులో నేను వాటికి తన చిన్నప్పటి ఉన్ని టోపీలు తొడుగుతుంటే ఫోటో తీసి ఖమ్మం అక్కకి పంపుతుంది. అక్క ఖమ్మం నుంచి నవ్వు బొమ్మలు పంపుతుంది. ఇన్నేళ్ళల్లో అన్నీ చచ్చిపోయాయి. ఏ జనవరీ ఒక్క ఎర్ర కాయ చూపించలేదు.

ఈ ఏడు మాత్రం ఒక చెట్టు బతికింది. మొన్నటి నుంచి ఒక కాయ తొడిమ దగ్గర రంగు తిరుగుతోంది. నాన్న రోజూ ఫోన్ చేసి ముందు దాని ఆరోగ్యం అడిగి, తర్వాత నాది అడుగుతున్నాడు. ఆదివారం కోత పండుగ. ట్రెజరర్ ఆంటీకి ఎనభై దాటాయి గానీ ముక్కు బాగానే పనిచేస్తుంది, పోయినవారం మా ఇంటికొచ్చి బాల్కనీ వైపు రెండుసార్లు తొంగిచూసింది. అందుకని ఆవిడ వెళ్ళగానే ఒక ప్లాస్టర్ ముక్క కోసి, నా పాత వార్డు చేతిరాతతో రాసి, ఆ కాయ కింద కొమ్మకి అంటించాను: పచ్చడికి కాదు.